మూడో బల్ల

ఫిబ్రవరి. మగాళ్లంతా ఐస్‌లాండ్ వైపు, కాడ్ చేపల వెంట.
ఫారో దీవుల్లో చివరిదైన మా దీవిలో మిగిలింది
గొర్రెలు, గాలి, ఆడవాళ్లు,
మంచం దిగలేని ముసలి యాకుప్,
పదమూడేళ్ల నేను.

ఆదివారం. గాలితో పెనుగులాడి
పదకొండుమంది ఆడవాళ్లు కూటపు ఇంట్లోకి వచ్చారు.
తలమీది నల్లగుడ్డల కొసల్నించి వాన కారుతోంది.
మధ్యలో బల్ల. తెల్లగుడ్డ కింద రొట్టె.
దాన్ని పిసికింది మా నానమ్మ సున్‌వా,
శనివారం రాత్రి, మోచేతుల దాకా పిండితో.
పిసకొచ్చు. కాల్చొచ్చు. గుడ్డ కప్పి తేవచ్చు.
దానికి కృతజ్ఞత చెప్పడం మాత్రం మగనోటి పని.

ఆ వారం ప్రార్థన చేయాల్సిన హానుస్
అవతలి ఒడ్డున ఇరుక్కుపోయాడు.
ఆ అలల మీద పడవ దించే ధైర్యం దేవదూతకైనా లేదు.

గడియారం పదకొండు కొట్టింది.
పదకొండుంపావు.
బిల్లా ఒళ్లో బిడ్డ ఏడ్చి, తనే అలిసి ఊరుకుంది.
ఈ ఆడవాళ్లు,
గొర్రె కడుపులో అడ్డం తిరిగిన పిల్లని చేత్తో సరిచేసి లాగినవాళ్లు,
ఇంటికప్పు లేచిపోతుంటే తాళ్లేసి బండకి బిగించినవాళ్లు,
మునిగిన పడవల పేర్లు మూడు తరాలవి తడుముకోకుండా చెప్పేవాళ్లు,
ఒక్క వాక్యం కోసం
నావైపు చూశారు.

నిరుడు వేసవిలో నాకు బాప్తిస్మమైంది.
పాపాలు పోయాయో లేదోగాని పళ్లు టకటకా కొట్టుకున్నాయి.
గొంతింకా మారలేదు. మీసం లేదు.
ఒకటే అర్హత: ఆడపిల్లని కాను.

లేచాను.
"తండ్రీ" అన్నాను.
ఆ తర్వాత మాట లేదు.
నానమ్మ ఉన్ని ఏకుతుంటే పక్కన కూచుని
ఏళ్ల తరబడి విన్నదే,
వలకన్నులోంచి చేపపిల్లలా జారిపోయింది.

అప్పుడు చూశాను. మూడో బల్ల, గోడ పక్కన.
నానమ్మ పెదాలు కదుల్తున్నాయి.
చప్పుడు లేదు. నియమం నియమమే.
ఆమె పెదాలు కలిస్తే నావీ కలిశాయి,
ఆమె ఆగితే ఆగాను.
విరిగిన దేహం దగ్గర ఆమె గడ్డం వణికింది,
నా గొంతు వణికింది.
ఆ వణుకు నాదే అనుకుని బిల్లా కళ్లు తుడుచుకుంది.
రొట్టె విరిచాను. పెచ్చు గట్టిగా ఉంది.

ఇంటికెళ్లే దారిలో ఒకే మాటంది:
"మునిగినవాళ్ల కోసం ఓ ముక్క ఉంది. మింగేశావు."
గొర్రెల్ని లెక్కపెట్టడానికి గుట్ట మీదికి వెళ్లిపోయింది.

యాభైతొమ్మిదేళ్లు.
ఆ ఇంట్లో ఇప్పుడు నేనే పెద్దని.
పురుషుడు శిరస్సని బోధించాను. నమ్మే బోధించాను,
సగం ఇప్పటికీ నమ్ముతాను.
శిరస్సు సరే, పెదాలెవరివి అని
కొన్ని రాత్రులు ఎవరో అడుగుతారు.
పక్కటెముక సంగతీ చెప్పాను చాలాసార్లు.
అది తీసిన చోట ఆదాముకి ఎలా ఉండి ఉంటుందో
నానమ్మని మట్టిచేసిన రోజుదాకా తెలీదు.

మొన్న పెద్దల కూటం. కాఫీ, కాగితాలు.
కూటంలో స్త్రీలు నోరు తెరిచి ప్రార్థించవచ్చా అన్నది ప్రశ్న.
రోయి కుర్రాడు, రాజధానిలో చదివొచ్చాడు, "తప్పేముంది" అన్నాడు.
యోన్‌లెయిఫ్ బల్ల చరిచాడు:
ఈ గోడలు లేచిన నాటినుంచి జరగని పని!
సాక్ష్యానికి నావైపు తిరిగాడు.
"చెప్పు టుమ్మస్. అందరికంటే పాతవాడివి.
ఇక్కడ ఎప్పుడైనా ఆడమనిషి ప్రార్థన చేసిందా?"

కిటికీకి వాన కొడుతోంది.
"పైకి వినపడేలా అయితే," అన్నాను, "లేదు."

చిట్టా రాసేవాడు చివరి మాటొక్కటే రాసుకున్నాడు.
కలం ఇలా ఇమ్మన్నాను.